మాత్ర మీద కాఫీ

జూన్ 9, ఆదివారం

అక్కకి,

నీ చెల్లెలు చేతులు జోడించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వెలా ఉన్నావని అడిగే మొహం మాత్రం నాకు లేదు. తాగిన పాలు కడుపులో నిలుస్తున్నాయనీ, వరండాలో నాలుగడుగులు వేశావనీ బావ చెప్పారు. నిన్న నేనూ వచ్చాను. వార్డు గుమ్మం దాకా వచ్చి, నీ చేతికున్న సూది చూసి దొంగలా వెనక్కి మళ్ళాను. ఎదురుగా చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను. ప్రూఫులు దిద్దే మనిషివి, తప్పులు కనబడితే ఓర్చుకో.

రెండేళ్ళ కిందట, ప్రెస్సులో సన్నక్షరాలు చదివి చదివి తల పగిలిపోతోందని నేను పనిచేసే మందుల షాపుకొచ్చావు. ఒక మాత్రల అట్ట నీ చేతిలో పెట్టాను. మాత్ర వేసుకుని పైన వేడిగా కాఫీ తాగు, ఇట్టే తగ్గిపోతుందన్నాను. అందులో అబద్ధం లేదు. కెఫీన్ నొప్పి మందుకు బలమిస్తుంది. ఆ మాత్రలో ఆస్పిరిన్ పక్కన కెఫీన్ కలిపిందీ అందుకే. నిజంలో సగం చెప్పి గొప్పలు పోయాను.

మిగతా సగం కూడా నేను చదువుకున్నదే అక్కా. కెఫీన్‌కి అలవాటు పడ్డ ఒళ్ళు, అది అందని పూట తలనొప్పితో అడుగుతుంది. రోజూ మింగితే ఆ మాత్రలే కొత్త నొప్పి తెస్తాయి. ఆస్పిరిన్ కడుపు లోపలి పొరని గాయపరిస్తే, కాఫీ అక్కడ ఆమ్లాన్ని పెంచుతుంది. నువ్వేమో ఏమీ తినకుండా పొద్దున్నే రెండూ కలిపి వేసేదానివి.

నెలకొక అట్ట కాస్తా వారానికి రెండయింది. ఓసారి కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగావు.

"రోజూ వేసుకుంటున్నాను, ఏం కాదు కదే?"

డాక్టరుకి చూపించుకోమనాలి. వెనక నలుగురు నిలబడి వింటున్నారు. నాకు తెలియనిది ఉందని వాళ్ళ ముందు ఒప్పుకోబుద్ధి కాలేదు.

"నేను లేనూ? ఏం కాదులే."

మా చెల్లెలుండగా నాకు డాక్టరెందుకని ప్రెస్సులో అందరితో అనేదానివట. మీ కంపోజరు ఆ మాట చెప్పినప్పుడు పొంగిపోయాను. ఇప్పుడది గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మంగళవారం నువ్వు ప్రూఫుల మీదే నెత్తురు కక్కుకుని పడిపోయావు. తెల్ల కాగితాలు ఎందుకూ పనికిరాకుండా పోయాయని మీ కంపోజరు ఏడుస్తూ చెప్పింది.

ఆ మాత్రలు ఇక ముట్టకు. కాఫీ ఒక్కసారిగా మానావు కాబట్టి కొన్నాళ్ళు తల దిమ్మెక్కి నొప్పెడుతుంది. భయపడకు, అది పోయేదే. ఓర్చుకోలేకపోతే నర్సుతో చెప్పు. నన్ను అడగకు.

నీ బుడంకాయ

తా.క.: అసలు సంగతి పైన రాయలేకపోయాను. ఆస్పత్రిలో నిన్ను చేర్చగానే ఏ మందులు వాడుతోందని డాక్టరు అడిగారు. బావకి తెలియదు. నా వైపు తిరిగారు. నాకూ తెలియదండీ అన్నాను. బావ ఇంటికి పరిగెత్తి, నీ సొరుగులో ఖాళీ అట్టలు వెతికి తెచ్చేసరికి గంట దాటింది. ఆ గంటసేపూ నేను నీ మంచం పక్కనే నిలబడి ఉన్నాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఈ ఉత్తరం బావ చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు.