అగ్గిపుల్ల గీయకముందు

బుధవారం, బీదర్

ఇది ఎవ్వరికీ చెప్పబుద్ధి అయితలేదు.

కొల్హార్ ఫ్యాక్టరీల డ్యూటీ దిగి వస్తుంటే పాత బండి మూడుసార్లు ఆగింది. మెకానిక్ ఎందుకని ఇంటికొచ్చి నేనే కార్బొరేటర్ విప్పి కడిగిన. స్టార్ట్ అయితే మురిసిన. ఎప్పటిలెక్కనే బండిని ముందటి అర్రల పెట్టిన గానీ ట్యాంకు కిందుండే పెట్రోల్ కాక్ బంద్ చేసుడు మరిచిన. కార్బొరేటర్ల పెట్రోల్ ఆపే సూది సరిగ కూసోలేదేమో, పెట్రోల్ కిందికి కారుకుంటనే ఉన్నది. నా చేతులకే పెట్రోల్ వాసన, నాకు తేడా తెల్వలే.

అంతల కరెంటు పోయింది. నా పెండ్లాం సునీత మొంబత్తి, అగ్గిపెట్టె పట్టుకొని బండి పక్కకొచ్చి పుల్ల తీసింది. వంటింట్ల నుంచి సునీత వాళ్లమ్మ, మా అత్తమ్మ, "ఆగు బిడ్డా, పెట్రోల్ వాసనొస్తాంది" అన్నది. నేను ఫోన్ లైటు ఏసి చూస్తే సునీత పాదాల ముందల్నే తడి.

సునీత పుల్లను మళ్ల పెట్టెల పెట్టింది. "నాకు వాసన తెల్వది గదా" అన్నది. కరోనా వచ్చిపోయినకాడి నుంచి ఆమెకు పప్పు మాడినా తెల్వది. నాకా సంగతి ఎరుకే. ఎరుకై గూడ...

బండి బయట పెట్టిన. కాక్ నాలుగుసార్లు చూసొచ్చిన. మళ్ల ఒకసారి చూడాలె అనిపిస్తాంది.

రేపు పొద్దుగాల బస్సుకు అత్తమ్మ తన ఊరు కమలనగర్ పోతది. ఇగ నేను డ్యూటీకి పోతే ఇంట్ల వాసన పట్టేటోళ్లు ఉండరు.