ఎల్.కె. రోడ్డు

14-3-91, గురువారం

లీలాకుమారి నాతో మాట్లాడి ఆరు రోజులు. తప్పు నాదే. ఆమె గుమ్మానికి 'కుక్కలున్నవి జాగ్రత్త' అని బోర్డు రాసి తగిలించాను. కుక్క బొమ్మకు అచ్చం ఆమె కళ్ళజోడే పెట్టాను. కృష్ణానగర్ గల్లీ అంతా నవ్వింది, ఆమె తప్ప.

మావి ఎదురెదురు ఇళ్ళు. నేను సినిమా సెట్లకు బోర్డులు రాస్తాను. పోలీస్ స్టేషన్, తహసీల్దారు ఆఫీసు, జైలు... ప్రభుత్వమంతా నా బ్రష్షులోనే ఉంది. ఆమె కాస్ట్యూమ్స్ కుడుతుంది. ఆ మిషన్ చప్పుడు వినపడకపోతే నాకు అన్నం సయించదు. ఈ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. నలభై ఏడేళ్ళ వయసులో ఇలాంటివి ఎలా చెప్పాలో ఏడో క్లాసులో నేర్పలేదు. ఎనిమిది చదవలేదు.

16-3-91, ఉదయం 6

ఐడియా వచ్చింది. జూబ్లీహిల్స్ వైపు నుంచి కొత్త రోడ్డు వస్తుందట, సర్వే జరుగుతోందట. టీ బంకు దగ్గర అదే మాట. ఆమె గోడ మీద ఎర్ర ఎనామిల్ రంగుతో బాణం గుర్తు వేశాను. కింద 'ఎల్.కె./7'. ఆమె పేరు, ఇంటి నంబరు. అచ్చం సర్కారు చెయ్యి. తిట్టడానికైనా వస్తుంది.

సాయంత్రం

రాలేదు.

19-3-91

వచ్చింది! తిట్టడానికి కాదు. గుమ్మంలోనే నిలబడి, ఏవండీ వీరభద్రంగారూ, ఆఫీసు బోర్డులన్నీ రాస్తారుగా, ఈ బాణానికి అర్థం ఏంటో చెప్పండి అంది. కళ్ళు వాచి ఉన్నాయి. మద్రాసులో ఇరవై ఏళ్ళు సెట్లు వెయ్యడం, పీకడం చూశానండీ, ఇక్కడైనా ఎవరూ పీకని గోడ దొరికిందనుకున్నా అంది. ఆ ఇల్లు కట్టడానికి ఆమెకు మూడేళ్ళు పట్టింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. కాఫీ తాగుతారా అన్నాను. నా స్టూలు మీద కూర్చుని తాగింది. రేపు చెబుతా.

20-3-91

ఇవాళా వచ్చింది. రేపు తప్పకుండా చెబుతా.

23-3-91

గల్లీలో సర్వేయర్ త్రినాథరావు, వెనక కొలతల గొలుసు పట్టుకున్న మనిషి. అసలువాళ్ళు! గొలుసాయన నా బాణం తడిమి, సార్, పాతోళ్ళెవరో మంచిగ మార్కేసిండ్రు, గిట్లనే పోదాం అన్నాడు. త్రినాథరావు కళ్ళజోడు పైకి తోసి, ఎల్.కె. అంటే లింక్ అయ్యా, లింక్ రోడ్, ఏడో పాయింట్, ప్రీవియస్ అలైన్‌మెంట్, రోడ్డు పాత లైను అన్నమాట అని పుస్తకంలో ఎక్కించాడు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత వాళ్ళ వెనకే పరిగెత్తాను. సార్, అది నేనేశాను అన్నాను. ఏంది భయ్, సర్కారు మార్కుతోని మజాకా, జర పక్కకు జరుగు అన్నాడు గొలుసాయన.

24-3-91

ఆమెకు అంతా చెప్పేశాను. బాణం నాదే, ఎల్.కె. మీరే, మీరు మాట్లాడటం లేదని చేశాను అన్నాను. ఆమె నవ్వింది. నా మనసు తేలిక చెయ్యడానికి ఇదీ మీ వేళాకోళమేనా, పోన్లెండి, మంచివారే మీరు అంది.

పుట్టాక మొదటిసారి నిజం చెప్పాను. దానికి మంచివాడినయ్యాను.

కిరోసిన్ గుడ్డతో బాణం తుడిచేశాను.

2-4-91

సర్వే ఆఫీసుకు వెళ్ళాను. త్రినాథరావు ప్లాను పరిచాడు. రోడ్డు తిన్నగా వచ్చి వచ్చి, సరిగ్గా ఆమె ఇంటి మీద మోచెయ్యిలా వంగింది. గోడ మీద లేకపోతేనేం, ప్లాన్లో ఉందిగా, ఫైలు మూవ్ అయిపోయింది, నేనే వేశానని నువ్వు రాసిస్తే కేసు నీ మీదే బాబూ అన్నాడు.

రాసిచ్చాను. దానికీ ఓ నంబరు వేసి అదే ఫైల్లో కుట్టారు.

11-9-92

ఆమె ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఇవాళే ఆఖరి రోజు. మిషన్ స్టేషనుకు వెళ్ళే ఆటోలోకి ఎక్కించాం. మద్రాసు, అక్కగారింటికి. ఆ స్టూలు ఇస్తారా అని అడిగింది. ఇచ్చాను. ఉత్తరం రాయండి, అందులో మాత్రం వేళాకోళాలు వద్దు అంది.

3-10-92

ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు చించాను. వేళాకోళం లేకుండా రెండో వాక్యం రావడం లేదు.

6-1-94

రోడ్డు అయింది. ఆ వంపు దగ్గర అందరూ బ్రేకు వేస్తారు, ఇంజినీరును తిడతారు. అక్కడ ఎందుకు వంగిందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. బోర్డు రాసే పని తిరిగి తిరిగి నాకే వచ్చింది. ఇచ్చిన కాగితంలో 'లింక్ రోడ్డు' అని ఉంది. 'ఎల్.కె. రోడ్డు' అని రాశాను. ఎవరూ అడగలేదు. సర్కారు చెయ్యి కదా.

19-8-95

ఫిల్మ్‌నగర్ నుంచి బస్సులో వస్తున్నా. ఎల్కే, ఎల్కే, దిగేటోళ్ళు ముందటికి రాండ్రి అని కండక్టర్ అరిచాడు.

దిగలేదు. ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చాను.

మళ్ళీ అరిచాడు.