ఐదు నక్షత్రాల సిఫారసు

ముదిగుబ్బ,
7-8-2006

చిరంజీవి సరళకు అక్క హేమావతి దీవెనలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం. కంబదూరులో నువ్వూ, మరిదిగారూ, పాపా బాగున్నారని తలుస్తాను. నాయన మోకాళ్ల సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, కోపం తగ్గలేదు. వాన రాలేదని కాసేపు మబ్బుల్ని తిడతాడు, మబ్బులు లేని రోజు నన్ను తిడతాడు. శెనక్కాయ విత్తనం ఈసారీ మట్టిలోనే మాడింది.

బడికి పాఠాల సీడీలు కొనేముందు ఏ వెబ్‌సైటు మాట నమ్మాలని అడిగావు. సెలవు రోజులన్నీ అనంతపురం నెట్ సెంటర్లో తగలేసి ఒక్కొక్కటే చూశాను. తల బొప్పి కట్టింది. టీచర్ల కోసం టీచర్లే రాశారని అన్నిటి మీదా ఉంటుంది. రాసినవాళ్ల పేరుండదు, ఊరుండదు, ఏ తరగతి పిల్లలకు చూపించారో చెప్పరు. ఒక సైటులో పొగడ్తలన్నీ మన బళ్లలో లేని కంప్యూటర్ల మీద నడిచే సీడీలకే. ఇంకోదానిలో మెచ్చుకున్నవాడి ఫోన్ నంబరూ, సీడీలు అమ్మేవాడి ఫోన్ నంబరూ ఒకటే. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు తన గుణగణాలు తానే చెప్పుకున్నట్టుంది. ఈ సీడీలో ఫలానాది బాగోలేదని ఒక్క మాటైనా రాసిన సైటు కనిపిస్తే దాన్ని నమ్ము. నాకు అలాంటిది ఒక్కటి దొరికింది, అదీ ఎప్పటిదో పాతది.

మీ హెడ్మాస్టరు నాగప్పగారి మీద నీ కోపం న్యాయమే. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషులో గడగడా చదివే సీడీలెందుకని అడిగితే, నీ చేతిలోంచి కంప్యూటర్ క్లాసు లాగేసుకుంటాడా? ఆ పిల్లలకు మౌస్ పట్టుకోవడం నేర్పింది నువ్వు. "నీకేం తెలుసమ్మా, మన జిల్లా టీచరమ్మే వాడమని రాసినాది. ఐదు నక్షత్రాలు ఇచ్చినాది" అని స్టాఫంతా వినేట్టు అన్నాడని రాశావు. అది చదివిన పూట నాకు అన్నం సయించలేదు.

ఆ టీచరమ్మ ఎవరో కనుక్కోమన్నావు. కనుక్కునే పని లేదు సరళా. అది నేనే.

ఆ సీడీలు నిరుడు మా బడికి శాంపిల్‌గా వచ్చాయి. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. ఒళ్లు మండి, నాగప్పగారు చూసిన ఆ సైటులోనే అభిప్రాయం రాశాను. నెట్ సెంటర్లో తెలుగు అక్షరాలు లేవు, నా కోపానికి సరిపడా ఇంగ్లీషు నాకు రాదు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. పిల్లలకు ముక్క అర్థం కావడం లేదని రాసి, చివర్లో 'మన బళ్లకు ఇది వద్దు' అన్నాను. నీ ఉత్తరం వచ్చాక వెళ్లి చూస్తే పై మాటలేవీ లేవు. నా పేరు తీసేసి అనంతపురం జిల్లా టీచరు అని పెట్టారు. చివరి ముక్క మాత్రం ఉంది, దాని కింద వాళ్ల ఇంగ్లీషు అనువాదం, ఐదు నక్షత్రాలు. నెట్ సెంటర్ కుళ్లాయప్పను పిలిచి ఆ తెలుగు ముక్క చదవమన్నాను.

"మన బళ్లకు ఇది వాడు అని కదా మేడం ఉండాది" అన్నాడు.

vaddu అని కొట్టాల్సింది, ఒక 'డి' మరిచి vadu అని కొట్టాను. వద్దు కాస్తా వాడు అయి కూర్చుంది.

సరిదిద్దమని ఆ సైటువాళ్లకు మెయిళ్లు పెట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పై మాటలు కోసేసింది వాళ్లే కదా అని సర్దిచెప్పుకుంటున్నాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు. నా మాట పట్టుకునే కదా నిన్ను నలుగురిలో అంత మాట అన్నాడు! ఇన్నాళ్లూ నీకు జవాబు రాయకుండా తప్పించుకు తిరిగింది సిగ్గుతోనే.

శనివారం మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. ఆ రాసినదాన్ని నేనేనని, ఏం రాయబోయి ఏం రాశానో నాగప్పగారికి స్టాఫంతా ఉండగానే చెప్తాను. నువ్వు నన్ను వెనకేసుకు రావద్దు. నీ క్లాసు నీకు ఇచ్చేదాకా ఆయన గదిలోంచి కదలను. ఆ మహాతల్లి కనబడితే దులిపేస్తానని రాశావు. బస్సు దిగగానే దులుపు, పడతాను. దులిపేటప్పుడు కూడా అక్కా అనే పిలువు.

ఇట్లు,
నీ అక్క
హేమావతి