పదకొండో కాయిదా

జూన్ 16, పాలమూరు

తరగతికి రెండో రోజు. మిషన్ బడి హాలులో పొడుగు చాపలు. ఏడు ఊళ్ల ఇండ్ల కమిటీలు, ఊరికి ఇద్దరు. మా ఊరి నుంచి బాపూ నేనూ — బాపు అధ్యక్షుడు, నేను రాసే మనిషిని. ఆడదాన్ని నేనొక్కదాన్నే. తలుపు పక్కన స్టూలు వేశారు.

వకీలు సాబుది తెల్ల గడ్డం, నెమ్మది గొంతు. "సర్కారు జాగ, సర్కారు కట్టిచ్చిన ఇండ్లు. దొరయి గావు, పటేలుయి గావు. గీ ఇండ్ల మీద చెల్లేది కమిటీ మాటొక్కటే." రెండుసార్లు చెప్పాడు. బాపు తిరిగి నా వైపు చూశాడు, విన్నావా అన్నట్టు.

అధ్యక్షులకు కుర్చీలు. నిన్న బాపు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఈరోజు కొంచెం వెనక్కి జరిగాడు.

జూన్ 17

నోటీసు ఎట్లా రాయాలి. ఎందరు వస్తే కూటం అవుతుంది. చేతులు సమానంగా లేస్తే అధ్యక్షుడు ఎటంటే అటు. సాయంత్రం బావి దగ్గర ఒక్కొక్కటే అడిగాను, బాపు అప్పజెప్పాడు. అక్షరం రాని మనిషి. ఒక్కటీ తప్పలేదు.

జూన్ 19

కాయిదాలు, అంటే కమిటీ నియమాలు, ఒక్కొక్కటే చదువుతూ పదకొండో దాని దగ్గర ఆగిపోయాను. ఇల్లు ఎవరి పేర ఇచ్చారో ఆ మనిషి ఆరు నెలలు ఇంట్లో లేకపోతే కమిటీ ఆ ఇంటిని ఇంకొకరికి ఇవ్వవచ్చు. మా దిక్కు మగవాళ్లు సగం మంది బొంబాయి పనుల్లో ఉంటారు... లేచి అడిగాను.

"పేరున్న మనిషి పనికి పోయిండు. పెండ్లాం ఇంట్లనే ఉన్నది. అప్పుడెట్ల?"

వకీలు సాబు కాగితం మళ్లీ చూశాడు. "గది కాయిదాల లేదమ్మా. లేనిదాన్ని కమిటీయే సోంచాయించాలె. ఏం అనుకున్నరో, ఎందుకనుకున్నరో పుస్తకంల రాయాలె."

కమిటీయే ఆలోచించుకోవచ్చు. మనసు తేలికపడింది. కమిటీ అంటే మావాళ్లే కదా.

జూన్ 21

ఆఖరి రోజు. వకీలు సాబు చెప్పిన చివరి మాట: కాయిదాలు పెట్టెలో పెట్టి తాళం వేయకండి, గోడకు అంటించండి, అందరికీ తెలియాలి.

తిరుగు బస్సులో బాపు దారంతా మాట్లాడాడు. ఇంత మాట్లాడగా ఎప్పుడు విన్నాను? "బిడ్డా, నేను దొర గడిల కట్టెలు కొట్టిన చేతులతోని గీ కాగితం పట్టుకున్న" అన్నాడు.

జూన్ 24

నేను చదువు చెప్పే బడి గోడకు కాయిదాలు అంటించాను. తెలుగులో, పెద్ద అక్షరాలు. సాయంత్రం కమిటీ అయిదుగురినీ కూర్చోబెట్టి చదివి చెప్పాను. చేతులెత్తడం నేర్చుకుంటూ పెంటయ్య నవ్వాడు, "బడి పోరగాళ్ల లెక్కనే ఉన్నదిగదా" అని. యాకోబు రెండు చేతులూ ఎత్తాడు. అందరం నవ్వాం.

జూలై 2

బాలమ్మ వదిన పటేలు ఇంటికి వెట్టికి పోనన్నదట. వాళ్లింట్లో పెండ్లి, పసుపు దంచడానికి పిలుపు. జబ్బుపడి మంచంలో ఉన్న అత్తను విడిచి రానని నర్సింలు ముఖం మీదే చెప్పింది. నర్సింలు పటేలు మనిషి. చేతిలో కర్ర లేకుండా మా వాడకు రాడు.

వదినను అడిగాను, భయం వేయలేదా అని.

"వేసింది. అయినా ఆయన జాగల ఉన్ననా ఇప్పుడు? సర్కారు ఇంట్ల ఉన్న. నువ్వే గద చదివినవ్."

అవును. నేనే చదివాను.

జూలై 4

పట్వారీ మా బడి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కాయిదాలు పైనుంచి కింది దాకా చదివాడు. నర్సింలు పక్కన ఉన్నాడు. ఒకచోట పట్వారీ వేలు పెట్టి చూపించాడు... లోపలి నుంచి ఎక్కడో కనపడలేదు. పిల్లలకు ఎక్కం చెప్తున్నాను. తప్పు చెప్పాను.

జూలై 5

బాపును పటేలు పిలిపించాడు. పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కలపలేదు. తర్వాత కొంచెం కొంచెం చెప్పాడు.

"మీ కాయిదా మీకున్నది గద అన్నడు. ఈరన్న పోయి ఎన్ని నెలలాయె అన్నడు."

ఈరన్న, బాలమ్మ మొగుడు. పోయింది దీపావళి కంటే ముందే. బొంబాయిలో ఏదో మిల్లు. క్రిస్మస్‌కు ఒక జాబు వచ్చింది. నేనే చదివి వినిపించాను. ఆ తర్వాత లేదు.

"ఆ ఇల్లు నర్సింలు తమ్మునికి గావాల్నట" అన్నాడు బాపు.

"పటేలు మాట చెల్లదు బాపూ. అప్పజెప్పినవ్ గద నాకు."

"ఆయన మాట గాదు బిడ్డా. మన కాయిదానే."

జూలై 7

ఈరన్న ఇంటి మీద కూటం పెట్టాలని పెంటయ్య పట్టుబట్టాడు. నోటీసు రాశాను. రాయనంటే పెంటయ్య ఎవరితోనైనా రాయిస్తాడు. అప్పుడు వదినకు కూటానికి వచ్చి మాట్లాడే హక్కుందని అందులో రాయరు. అందుకే నేనే రాశాను... ఇట్లా నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇచ్చి రావడం కూడా నా పనే. వదిన రొట్టె కాలుస్తోంది. చదివి వినిపించాను. పిండి చేతిని చీరకు తుడుచుకుని కాగితం తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంది.

"గిది నువ్వే రాసినవా?"

"రాసిన వదినా."

"మంచిగున్నయి అక్షరాలు."

జూలై 14

కూటం. ముగ్గురుంటేనే కూటం. బాపు, పెంటయ్య వచ్చారు. మిగతా ముగ్గురూ రాలేదు. యాకోబు, సాయన్న కావాలనే చేనికి పోయారు. పెంటయ్య బావమరిదికి జ్వరం. కూటం జరగలేదని పుస్తకంలో రాసి సంతకం చేశాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

జూలై 15

ఈరన్నకు జాబు రాశాను. ఒక్కసారి వచ్చి కనపడి పో అన్నా, కూటంలో నిలబడితే చాలు అని. పాత జాబు మీదున్న పత్తాకే పంపాను. అందుతుందో లేదో.

జూలై 19

బొంబాయి జాబు అందడానికే ఇంకా టైము పట్టొచ్చు. కూటం మళ్లీ ఎల్లుండి.

జూలై 21

వరుసగా రాస్తాను.

బడిలో కూటం. అయిదుగురూ వచ్చారు. నర్సింలు లోపలికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. బయటి మనిషి కూటంలో ఉండరాదని లేచి చెప్పాను. అతను గడప దాటి బయటికి పోయి, అక్కడే ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇప్పుడు లోపల లేను గదా టీచరమ్మా" అన్నాడు. దానికి కాయిదా లేదు.

బాలమ్మ వదిన అత్తను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. అవ్వకు చూపు లేదు. వదిన మాట్లాడింది. "పేరు ఆయనది. గోడలకు మట్టి మెత్తింది నేను. కప్పు కారితే ఎక్కి సదిరింది నేను. ఆయన మమ్ములనిడిసి పోలే, మా కోసమే పోయిండు. గిది మీకు తెల్వదా? మీ అన్నదమ్ములు పోలేదా?"

పెంటయ్య కిందికి చూస్తూ అన్నాడు, "ఈరన్న మళ్లొస్తడన్న నమ్మకం లేదు, గదే రాయి."

అవ్వ ముఖం అటూ ఇటూ తిప్పింది. "దానయ్యా, కుర్చీల కూసున్నది నువ్వేనా?"

నేనే అన్నాను, "బాపే అవ్వా."

"అయితే నాకు ఫికర్ లేదు" అంది.

చేతులు. ఇల్లు తీసుకోవాలని పెంటయ్య, అతని బావమరిది. వద్దని యాకోబు, సాయన్న. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. సాయన్న చెయ్యి దించలేదు.

ఇక అధ్యక్షుడు. బాపు ద్వారం వైపు చూశాడు. నా వైపు చూడలేదు. చెయ్యి ఎత్తాడు, పూర్తిగా కాదు, చెవి దాకా. ఎటువైపో నేను అడగాలి. అడిగాను. పెంటయ్య వైపు తల ఊపాడు.

రాశాను. ఎవరు ఎటు, ఏం కారణం, ఎన్ని రోజుల్లో ఇల్లు విడవాలి. ముప్పై రోజులు. బాపు వేలిముద్ర వేశాడు. అవ్వ అడుగుతూనే ఉంది, "ఏమాయెనే, ఏమాయె?" వదిన ఏం చెప్పిందో వినపడలేదు.

జూలై 22

బాపుతో మాట్లాడలేదు. వంట చేసి పెట్టాను. బాపే మాట్లాడాడు.

"నాకు కౌలుకిచ్చిన రెండెకరాలు గుంజుకుంటనన్నడు పటేలు. నీ బడి ఉన్న జాగ కూడ ఆయనదేనన్నడు. రేపు నీ మీదికి మనిషిని తోలితే నేనేం జేద్దు?"

"నన్నడగక పోతివి."

"నీకు కాయిదా తెల్సు బిడ్డా. నాకు పటేలు తెల్సు."

గిన్నెలు కడగడానికి బయటికి పోయాను.

జూలై 26

తాసిల్దారుకు దర్ఖాస్తు పెట్టుకోవచ్చు. అది కూడా తరగతిలో చెప్పినదే. తెలుగులో రాశాను. ఉర్దూలో ఉంటేనే తీసుకుంటారట. మక్తల్‌లో రాసిపెట్టే మనిషి ఉన్నాడు. వదినా నేనూ పోతాం.

జూలై 29, మక్తల్ నుంచి వచ్చాక

పొద్దున బయల్దేరుతుంటే బాపు రొట్టెలు మూటగట్టి చేతికిచ్చాడు. ఎక్కడికని అడగలేదు. తెలుసు. తన తీర్మానం మీదే నేను పోతున్నానని తెలుసు.

తాసిల్దారు కచేరిలో మధ్యాహ్నం దాకా చెట్టు కింద కూర్చున్నాం. అక్కడ కాగితాలు చూసే పేష్కారు పిలిచాడు. మంచి మనిషే అనిపించింది, కూర్చోమన్నాడు. దర్ఖాస్తు చదివాడు. తీర్మానం నకలు తెలుగు వచ్చిన గుమాస్తాతో చదివించుకున్నాడు. మధ్యలో ఆపి మళ్లీ చదివించాడు.

"నోటీసు ఇచ్చిన్రు. ఆమె మాట విన్నరు. చేతులు లెక్కబెట్టిన్రు. కారణం రాసిన్రు. ఎన్నో కమిటీల కాగితాలు చూసిన, గింత సాఫుగ ఎవరు రాయలే. ఏదైనా లోపముంటే తాసిల్దారు సాబు చెయ్యి పెడ్తడు. దీంట్ల ఏం పట్టుకుంటడు?"

తర్వాత అడిగాడు, "ఎవరు రాసిన్రు గిది?"

వదిన చెప్పింది. "గీ పిల్లే రాసింది. మా దగ్గర సదువుకున్నది ఈమెనే."

గర్వంగానే చెప్పింది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపు అయినా బాగుండేది.

దర్ఖాస్తు తీసుకుని ఉంచుకున్నాడు. "చూస్తం" అన్నాడు. దారిలో రొట్టె ఆమెకు పెట్టాను. సగం విరిచి నాకిచ్చింది.

జూలై 31

ఆ రోజు కారణం సరిగ్గా రాయకుండా ఉంటే... ఒక్కరి పేరు మరిచిపోయి ఉంటే. తేదీ తప్పు వేసి ఉంటే. ఒక్క తప్పు చాలు. చేయలేదు. చేయడం రాదు నాకు.

ఆగస్టు 3

వాన. జొన్న మొలిచింది. బడికి ఎనిమిది మంది.

ఆగస్టు 8

బొంబాయి నుంచి ఏమీ లేదు. మక్తల్ నుంచి ఏమీ లేదు. వదిన కప్పు మీద రెండు పెంకులు మార్చింది. నేను కింద నిలబడి అందించాను. ఇంకా పన్నెండు రోజులున్న ఇంటికి ఎందుకు మారుస్తున్నావని అడగలేదు.

ఆగస్టు 11

వకీలు సాబు నుంచి జాబు. మా తీర్మానం నకలు ఎట్లనో ఆయన దాకా పోయింది. కొత్త తరగతి పెడుతున్నారట. మా పుస్తకాన్ని అక్కడ చదివి చూపిస్తారట, కమిటీ పని ఇట్లా చేయాలని. నన్ను కూడా వచ్చి రెండు రోజులు చెప్పమన్నాడు.

ఆయనకు చెడు ఏమీ తెలియదు. కాగితం మీద చెడు ఏమీ లేదు.

ఆగస్టు 14

జవాబు రాయడానికి కూర్చున్నాను. ఆ ఇంట్లో ఉన్న మనిషి సంగతి రాద్దామని. నాలుగు వాక్యాలయ్యాక ఆగాను. బాపు పేరు రాయాలి. చింపేశాను.

ఆగస్టు 20

ముప్పై రోజులు నిండాయి.

కాయిదా ప్రకారం అధ్యక్షుడు పోయి ఇల్లు స్వాధీనం చేసుకోవాలి. నర్సింలు పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. బాపు తలకు రుమాలు చుట్టుకుని పోయాడు. ఒక్కడే పోతానన్నాడు. నర్సింలు వాడ మొదట్లో నిలబడ్డాడు. నేను బడికి పోయాను. ఏం చెప్పానో పిల్లలకే తెలియాలి.

బాపు చాలాసేపటికి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. మంచం మీద కూర్చున్నాడు.

"ఏమాయె బాపూ?"

"అన్నం తిని పో మామా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"తిన్న. పుంటికూర వండింది. ముసలామె పక్కన కూసొని నా చెయ్యి పట్టుకున్నది. ఇడువలే." తల రుమాలు విప్పాడు. "ఏం మాట్లాడలే నేను. లేచొచ్చిన."

నర్సింలు బయట నుంచి పిలుస్తూనే ఉన్నాడు. బాపు లేవలేదు. ఆఖరికి నర్సింలే లోపలికి తొంగిచూసి అన్నాడు, "రేపు పటేలు కూడా వస్తడంట."

ఆగస్టు 21

బాపు రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. తెల్లవారి లేచి ముఖం కడుక్కున్నాడు. వదిన ఇంటి వైపు చూస్తే పొయ్యి పొగ లేస్తోంది. ఇంకా అక్కడే ఉన్నారు.

ఈసారి నన్ను కూడా రమ్మన్నాడు. స్వాధీన కాగితం గడప ముందు నిలబడి గట్టిగా చదవాలి. బాపుకు చదవడం రాదు.

"నువ్వు చదువకుంటే నేను పోను బిడ్డా" అన్నాడు. బతిమాలుతున్నాడా, నా దగ్గర దారి అడుగుతున్నాడా... ముఖం చూస్తే తెలియలేదు. కాగితం నా ఒళ్లో ఉంది. బయట పటేలు మాటలు వినపడుతున్నాయి. బాపు చెప్పులు వేసుకుని గడపలో నిలబడ్డాడు, నా కోసం చూస్తూ. ఇది చదవకపోతే కాయిదా తప్పినట్టే, ఒక్క తప్పు చాలు —