ముళ్ళపంది సాక్ష్యం

జూన్ 3
మేనకోడలు చిన్న బ్యాగుతో వచ్చింది. మూడోసారి కూడా కడుపు నిలవలేదు. ఈసారి ఐదో నెల దాకా వెళ్ళింది. ఆస్పత్రి నుంచి పుట్టింటికి పోకుండా ఇక్కడికెందుకంటే, మీ ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు కదా మామయ్యా అంది.

పిల్లల్లేని కొంపకు ఇన్నాళ్ళకు గిరాకీ వచ్చింది.

జూన్ 4, ఉదయం ఆరు
దానికి పాలు పడ్డాయి. తాగే నోరు లేదని ఒంటికి ఎవరు చెబుతారు? మా ఆవిడ ఒక్క ప్రశ్న వేయకుండా చల్లటి తడిగుడ్డలు పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆవిడకు తెలుసు. మాకూ రెండుసార్లు పోయింది. అప్పుడు ఆవిడకు గుడ్డ తడిపి ఇచ్చిన ఆడమనిషి లేదు.

గొడ్రాలి మీద ఉపమానం కట్టని మహాకవి లేడు. ఒక్కడైనా ఆ మనిషిని అడిగి రాశాడా? నలభై ఏళ్ళు పుస్తక సమీక్షలు రాశాను. రచయితలు నన్ను చూస్తే రోడ్డు దాటేవారు. ఈ ఒక్క మాట మాత్రం అచ్చులో అనలేకపోయాను. ఇక్కడ అంటున్నాను.

జూన్ 6
కింది వాటా రిటైర్డ్ ప్రిన్సిపాల్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, వయసుంది కదమ్మా, మళ్ళీ ట్రై చేయొచ్చు అన్నాడు. మొన్న మీ గొడుగు పోతే ఇంకోటి కొన్నారు, ఇది అలాంటిది కాదు సార్ అన్నాను. ముఖం మాడ్చుకుని దిగిపోయాడు. మేనకోడలు నవ్వింది. వచ్చాక ఇదే మొదలు.

జూన్ 9
ఇంక వద్దట. సూదులు, స్కానింగులు, ఫోన్ మోగితే గుండె జారడం, అన్నీ చాలట. మొగుడు లిఫ్టు మెకానిక్. నువ్వెలా అంటే అలా అన్నాడట. అడ్డమల్లా వాళ్ళమ్మే, అంటే మా అక్క. కొత్త డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసేసుకుంది. మేనమామవి, అమ్మకు నువ్వు చెప్పు మామయ్యా అంది.

ఊరందరికీ పులిని. అక్క ముందు పిల్లిని.

జూన్ 10
రేపు అక్క వస్తోంది. నాలుగు పదునైన వాక్యాలు నూరి పెట్టుకున్నాను. మా ఆవిడ బాధపడుతుందని తన పిల్లల పుట్టినరోజులకు మమ్మల్ని పిలవడం మానేసిన మనిషి. ఆ జాలి నాకింకా అరగలేదు.

జూన్ 11
అక్క వచ్చింది, వెనకాలే అల్లుడు. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. ఇంక వద్దమ్మా అని మేనకోడలు తనే చెప్పేసింది. అక్క దానితో వాదించలేదు. నా వైపు వేలు చూపించింది. చూడవే మీ మామయ్యను, పిల్లల్లేకే వీడిలా తయారయ్యాడు, ఎవర్ని చూసినా కరవడమే, రేపు నీ గతీ ఇంతే అంది.

నా నాలుగు వాక్యాలూ గాలికి పోయాయి. ఎంత పదునుగా మాట్లాడితే అక్క మాట అంత నిజమవుతుంది.

ఇలా అన్నాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ముళ్ళపంది అని పేరు పెట్టింది నువ్వే కదక్కా, అప్పటికే నాకు పిల్లల్లేని బెంగ పట్టుకుందా అని. అల్లుడు కిసుక్కున నవ్వి, అత్తగారిని చూసి దగ్గాడు.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. నేను పుట్టుకతోనే ఇంతేనని చెప్పాను. నాతో ఎవరూ వారం వేగలేదని, మా ఆవిడ మాత్రం ఇన్నేళ్ళూ నాతో పేకాడి, పోట్లాడి, నవ్వుతూనే ఉందని చెప్పాను. గుమ్మంలోంచి ఆవిడ, పేకలో మీరాడే దొంగాట సంగతి కూడా చెప్పండి అంది. అదీ చెప్పాను. పోయిన ఇద్దరి కోసం ఇప్పటికీ ఏడుస్తామని, ఆ ఏడుపు ఈ ఇంట్లో ఒక గదేగానీ ఇల్లంతా అదే కాదని చెప్పాను. మంచి బతుకే బతికానక్కా అన్నాను. ఏ పుస్తకాన్నీ ఇంత మెచ్చుకుని ఎరగను.

అక్క సంచి తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మా తర్వాత దీన్నెవరు చూస్తార్రా అంది. ఇన్నాళ్ళూ నేను పొగరనుకున్నది భయం. రేపు మమ్మల్నెవరు చూస్తారో మాకూ తెలియదక్కా అన్నాను. మేనకోడలు వెళ్ళి వాళ్ళమ్మ భుజానికి ఆనుకుంది.

అక్క ఫోన్ తీసి అల్లుడి చేతిలో పెట్టింది. కళ్ళజోడు తెచ్చుకోలేదు, ఆ డాక్టర్‌కి రావట్లేదని మెసేజ్ నువ్వే కొట్టు నాయనా అంది.

జూన్ 12
అందరూ వెళ్ళారు. పేకలో ఓడిపోయాను.

జూన్ 13
మా ఆవిడకు థాంక్స్ చెప్పాను. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదంది.