స్మారకం ఇంకా రాలేదు

ప్రియమైన అక్కకు,

నువ్వూ అన్నయ్యా క్షేమమే కదా. నేను బాగానే ఉన్నాను, నా నడుమే బాగాలేదు. బీమా ఆఫీసు కుర్చీ దాన్ని మింగేస్తోంది.

అసలు సంగతికి వస్తాను. మన ఊరి రైల్వే షెడ్డులో ఒక స్మారక ఇంజన్ తయారవుతోందట. పైనుంచి కిందిదాకా టార్పాలిన్ కప్పేశారట. మా రైలు ప్రియుల సంఘంలో ఒకాయన బండిలో వెళుతూ కిటికీలోంచి చూశాడు. చక్రాలు తప్ప ఏమీ కనబడలేదట. అప్పట్నుంచి మాకెవరికీ అన్నం సయించడం లేదు. దేనికి స్మారకం? ఏం రంగు? ఏం పేరు? పాత బొగ్గింజన్‌కి మళ్ళీ ప్రాణం పోస్తున్నారని మా పొగమామ పందెం కాశాడు. పొగ రానిది ఇంజనే కాదంటాడు, అందుకే ఆయనకి ఆ పేరు పెట్టాం. నేను మాత్రం డీజిల్ అంటున్నాను. కార్యదర్శి గారు ఏమీ అనరు, ఎవరు గెలిస్తే వాళ్ళ వైపే ఉంటారు. మేమంతా దాన్ని ముద్దుగా 'స్మారకం' అని పిలుచుకుంటున్నాం.

మన డాబా మీదికెక్కితే షెడ్డు కనబడుతుంది కదా. బట్టలు ఆరేసేటప్పుడు అటు ఓ కన్నెయ్యి. తల ఎటు ఉందో చూడు. ఇంజన్ ముందు భాగాన్ని మేం తల అంటాం. అన్నయ్య అయితే ఆ షెడ్డులోనే పెయింటర్ ఆయె! దాని మీద అక్షరాలు రాసేది తనే అయ్యుంటాడు. మెల్లగా అడిగి రాయి. స్మారకం ఎప్పుడు వస్తుందో కూడా కనుక్కో.

నీ చిన్నోడు

*

చిన్నోడా,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

డాబా మీద నుంచి చూశాను. నీలం టార్పాలిన్. తల ఎటుందో తోక ఎటుందో నాకు తెలియలేదు. పైన కాకి కూర్చుంది.

మీ అన్నని అడిగాను. నవ్వాడు. చెప్పొద్దని పైవాళ్ళు గట్టిగా చెప్పారట. "వాణ్ణే రమ్మనక్కా, ముసుగులోకి దూర్చి చూపిస్తాను" అన్నాడు. నువ్వు వచ్చి మూడేళ్ళు దాటింది. నీ గదిలో అన్న తన పెయింటు డబ్బాలు పెట్టుకున్నాడు, నువ్వొస్తే తీసేస్తాడట.

నడుముకి కాపడం పెట్టుకో.

అక్క

*

ప్రియమైన అక్కకు,

కాకి సంగతి సంఘంలో చదివి వినిపించాను. పడీ పడీ నవ్వారు. పొగమామ అయితే ఆ కాకికి సభ్యత్వం ఇద్దామన్నాడు.

రావాలనే ఉంది, కానీ ఆడిటు నడుస్తోంది. మా మేనేజరు సెలవంటే చాలు చెవుడు తెచ్చుకుంటాడు. అందుకని ఒక్క మాట. అన్నయ్య దగ్గర నేనిచ్చిన పాత కెమెరా ఉంది కదా. టార్పాలిన్ ఒక్క మూల, ఒకే ఒక్క మూల ఎత్తి, ఒక్క ఫోటో తీసి పంపమను. ఎవరికీ చూపించను. నీ మీద ఒట్టు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని షెడ్డు గేటు దగ్గర బళ్ళు చూపించింది తనే కదా. ఈ పిచ్చి అంటించిందీ తనే. మందు కూడా తనే వెయ్యాలి.

నీ చిన్నోడు

*

చిన్నోడా,

దేవుడు నీకు మంచి బుద్ధినివ్వాలి.

ఫోటో ఇందులో ఉంది. భోజనాల వేళ అందరూ వెళ్ళాక తీశాడు. నేను వద్దన్నాను. "వాడు ఇంతకంటే ఏమడిగాడక్కా నన్ను" అన్నాడు.

ఎవరికీ చూపించొద్దు అని రెండుసార్లు చెప్పమన్నాడు. ఎవరికీ చూపించొద్దు.

ఒట్లు నా మీద పెట్టుకోకు. మాట మీద నిలబడితే చాలు.

అక్క

*

ప్రియమైన అక్కకు,

అన్నయ్య కాళ్ళకి దండం పెట్టానని చెప్పు! ముదురు ఎరుపు రంగు, దాని మీద పసుపు గీత, గీత కింద ఒకే ఒక్క అక్షరం: 'ప్ర'. మిగతాదంతా టార్పాలిన్ మింగేసింది. ఆ ఒక్క అక్షరం మమ్మల్ని ఎంత తిప్పలు పెడుతోందో చూడు. కార్యదర్శి గారు 'ప్రగతి' అంటారు. పొగమామ 'ప్రథమం' అంటాడు, మొట్టమొదటి బొగ్గింజన్ పేరు మీదట. నేను 'ప్రభాతం' అన్నాను. ఒకాయన 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అన్నాడు, ఆయన్ని బయటికి పంపాం.

ఇంకో సంగతి, కోప్పడకు. నేను పొగమామకి ఒక్కడికే చూపించాను. ఆయన కార్యదర్శికి చూపించాడు. కార్యదర్శి గారు దాన్ని మా సంఘం పత్రికకి ముఖచిత్రంగా వేసేశారు. అన్నయ్య పేరు ఎక్కడా లేదులే. మా పత్రిక ఎవరు చదువుతారు గనక, మేమే రాసుకుని మేమే చదువుకుంటాం. అన్నయ్యకి ఇది చెప్పకు.

ఇంతకీ స్మారకం ఎప్పుడు వస్తుంది?

నీ చిన్నోడు

*

చిన్నోడా,

మీ పత్రిక ఇక్కడికీ వచ్చింది. పైవాళ్ళకి కోపం వచ్చింది. ఇంకో ముసుగు అప్పటికప్పుడు కట్టమన్నారు. వానలోనే. తాడు తెగింది. తల వైపు గట్టి దెబ్బ. స్మారకం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఏమీ చెప్పలేమంటున్నారు. ప్రార్థిస్తున్నాను. ఈ ఉత్తరం అందగానే బయలుదేరు.

బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

అక్క

*

ప్రియమైన అక్కకు,

ఇంజన్ కోసం ప్రార్థన చేసే అక్క ఎవరికుంటుంది చెప్పు! నీకూ మా పిచ్చి అంటుకుందని సంఘంలో అందరికీ చెప్పాను. నీ వార్తతో ఇక్కడ పెద్ద కలకలం. తల వైపు దెబ్బంటే ఎంత మేర? పెద్ద లైటు పగిలిందా, రేకు మాత్రమే సొట్ట పోయిందా? రేకయితే పర్వాలేదు, మీ షెడ్డులో వాళ్ళు రెండు పూటల్లో సరిచేసేస్తారు. రంగు చెడితే మళ్ళీ అన్నయ్య ఉండనే ఉన్నాడు. వాళ్ళు ఏమీ చెప్పలేమన్నారంటే వేడుక వాయిదా పడుతుందా? మేమందరం టిక్కెట్లు కొనుక్కున్నాం.

నువ్వు రమ్మన్నావు కాబట్టి తప్పకుండా వస్తాను. ఎలాగూ ముసుగు తీసే రోజున సంఘమంతా వస్తున్నాం. ఒక్క రాకతో రెండు పనులూ అయిపోతాయి.

నీ చిన్నోడు

*

ప్రియమైన అక్కకు,

నా ఉత్తరానికి జవాబు లేదు. అలిగావా?

వచ్చాను, వెళ్ళాను. కోప్పడకు. వేడుక ఆలస్యమైంది, తిరుగు బండి వేళ దాటిపోతుందని మావాళ్ళు తోసుకెళ్ళారు. షెడ్డు గేటు దగ్గర నుంచి మన డాబా కనబడింది. తీగ మీద ఒక్క బట్టా లేదు. మీరిద్దరూ ఏ ఊరో వెళ్ళి ఉంటారనుకుని మనసు సరిపెట్టుకున్నాను.

పందెం నేనే గెలిచాను, డీజిలే. కానీ పేరు మాత్రం ఎవరూ చెప్పలేకపోయాం. 'ప్రగతీ' కాదు, 'ప్రభాతమూ' కాదు. టార్పాలిన్ జారగానే ఏముందనుకున్నావు? 'ప్రమాదం ఎరుగని పాతికేళ్ళు'! మీ షెడ్డులో పాతికేళ్ళుగా ఒక్క ప్రమాదం కూడా జరగలేదట, దానికి స్మారకం. బ్యాండు వాయించారు. పెద్దాయన ఒకరు గంటసేపు మాట్లాడారు. పొగమామ అక్కడే నా చెవిలో "దీనికా మనం నిద్రలు మానుకుంది" అన్నాడు.

అన్నయ్య ఆ గుంపులో కనబడలేదు. రాసింది మాత్రం తనే. 'ప్ర' కింద ఆ కొక్కెం లాంటి వంపు ఇంకెవరికి వస్తుంది? తల వైపు నేను ప్రత్యేకంగా చూశాను. చిన్న గీత కూడా లేదు. ఎంత బాగా సరిచేశారో!

ఫోటో పంపుతున్నాను. అన్నయ్యకి చూపించు.

నీ చిన్నోడు

*

చిన్నోడా,

నేను ఇంత పొడుగు ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. కూర్చుని చదువు.

దెబ్బ తగిలింది ఇంజన్ తలకి కాదు. మీ అన్న తలకి. పేరు రాయలేదు నేను. రాయాలని తోచలేదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నదాన్ని, ఈ లోకంలో నాకు ఇంకెవరి తల ఉంటుంది?

ముసుగు కట్టడం పెయింటర్ పని కాదు. వేరేవాళ్ళు ఎక్కాలి. "ఫోటో నావల్ల బయటికి పోయింది, వానలో ఇంకొకణ్ణి ఎందుకు ఎక్కిస్తాను" అని తనే ఎక్కాడని తోటి పనివాడు చెప్పాడు. పట్టుకున్న తాడు తెగింది. పట్టాల పక్కన కంకర మీద పడ్డాడు. వారం రోజులు స్మారకం లేదు.

నీ ఉత్తరం ఆ బెంచీ మీదే చదివాను. రేకయితే పర్వాలేదన్నావు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. జవాబు ఎందుకు లేదని అడిగావు. నిన్ను తిట్టడానికి నోరు కావాలి. ఆ రోజుల్లో నా నోరు దేవుడి పనిలో ఉంది.

షెడ్డు నుంచి ఒక పెద్దాయన పళ్ళు పట్టుకుని వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఇంటి మెట్ల మీద జారాడని చెప్పండమ్మా. పాతికేళ్ళ పేరు. నాలుగు రోజుల్లో వేడుక. మీవాడు చేసిన పని మేమూ బయటపెట్టం" అన్నాడు. "మా ఇంటి మెట్లకీ పాతికేళ్ళ పేరుందండీ. వాటి మీద ఇంతవరకు ఎవరూ జారలేదు" అన్నాను. పళ్ళు అక్కడే వదిలి వెళ్ళాడు. పక్క మంచం వాళ్ళకి ఇచ్చేశాను. నేను చెప్పకపోతే మాత్రం ఏమైంది? వాళ్ళే చెప్పుకున్నారు. మీ అన్న మెట్ల మీద పడ్డాడనే ఇప్పుడు షెడ్డంతా అంటోంది.

నువ్వు వచ్చిన రోజు బ్యాండు ఆసుపత్రి దాకా వినబడింది. తీగ మీద బట్టలు లేవని మేం ఊరెళ్ళాం అనుకున్నావు. తలుపు తట్టి ఉంటే పక్కింటివాళ్ళు చెప్పేవారు. గేటు నుంచి మన ఇల్లు ఎంత దూరమో నీకు తెలుసు. అన్న భుజాల మీద కూర్చుని రోజూ వచ్చిన దారే కదా.

మర్నాడు కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తు పట్టాడు. నిన్నూ అడిగాడు. ఆడిటు ఉందని చెప్పాను. దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను, ఇప్పుడూ చెప్పుకుంటున్నాను. అంతా ఇవ్వలేదని ఆయనతో తగువు పెట్టుకోను.

నీ ఫోటో నిన్న వచ్చింది. చూపించమన్నావు కాబట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. "రంగు బాగా పడింది" అన్నాడు. తర్వాత ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఈ గీతలేంటక్కా?" అన్నాడు. అక్షరాలురా అన్నాను. "ఎవరు రాశారు? చెయ్యి బాగుంది" అన్నాడు.

చదవడం పోయింది. రావచ్చు, రాకపోవచ్చు అంటున్నారు డాక్టర్లు.

"ఏం రాసుందో చదువక్కా" అన్నాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానురా అన్నాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. పెద్దాయన ఎంత మర్యాదగా అడిగినా నా నోట రాని అబద్ధం, తమ్ముడు అడిగితే వచ్చేసింది.

ఫోటో తలగడ కింద పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళందరినీ చదవమంటున్నాడు. అందరికీ కళ్ళజోళ్ళు ఇంట్లోనే ఉండిపోతున్నాయి.

నువ్వు రా. సంఘాన్ని తేకు. నీ గదిలో పెయింటు డబ్బాలు తీసేశాను, ఇక వాటితో పని లేదు. అన్న పక్కన కూర్చో. 'ప్ర' దాకా నీకు ముందే వచ్చు కదా. మిగతాది కూడా నువ్వే చదివి వినిపించు.

అక్క