ఓడకో ఎత్తు

క్యాంప్‌బెల్ బే
ఫిబ్రవరి 9

ప్రియమైన గోపీకి,

రేపటి ఓడకి ఈ కవరు అందించాలని ఆదరాబాదరాగా రాస్తున్నాను. పెన్‌డ్రైవ్ లోపలే ఉంది. మన కంప్యూటర్ ఆటలో నా అరవై ఒకటో ఎత్తు వేసి పంపుతున్నాను. నెట్ వచ్చాక కూడా మనిద్దరం ఓడకో ఎత్తు, ఎత్తుకో ఉత్తరం చొప్పున యుద్ధం చేసుకుంటున్నామంటే ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు. చిన్నప్పుడు చౌల్దారీ ఊళ్ళో బడిలో గ్రాఫ్ కాగితం మీద దీవులు గీసుకుని మొదలుపెట్టినవాళ్ళం, నెట్ కోసం పద్ధతి మార్చుకుంటామా.

అసలు సంగతేమిటంటే నా కంప్యూటర్ పోయింది. మూత విప్పి చూస్తే ఉప్పుగాలికి బోర్డంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. ఈ ఎత్తు పక్కింటివాళ్ళ లాప్‌టాప్‌లో వేశాను.

సరిగ్గా ఇప్పుడే మా కాంట్రాక్టరు శంకరరావు గారు సైటు ఆఫీసు ఎత్తేస్తున్నారు. "భానూ, జూన్ ఒకటి నుంచి ఎస్టిమేట్లు, డ్రాయింగులు అన్నీ ఘర్ సే, ఇంటి నుంచే చెయ్యాల. సిస్టమ్ లేదంటే ఇంకొకళ్ళని చూసుకుంటాను, బురా మత్ మాన్నా, ఏమీ అనుకోకు" అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన పనులకి ఎస్టిమేట్లు వేస్తున్నది నేనే. ఇది పోతే ఈ దీవిలో మాకు ఇంకో పని లేదు. మా ఆవిడ సుందరి కూడా ఈ పని నేర్చుకుంటానంటోంది.

కాబట్టి నీ షాపులో నువ్వే ఒక కంప్యూటర్ కట్టి పంపు, పనికీ పనికిరావాలి, ఆటకీ పనికిరావాలి. ప్రాసెసర్ మంచిది వెయ్యి. మన మ్యాపులో మిగతా రాజ్యాలన్నీ తమ ఎత్తులు వేసుకునేసరికి పాతదానిలో పన్నెండు నిమిషాలు పట్టేది. దానికి కావలసింది ప్రాసెసరే, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మౌస్ మాత్రం పైన బంతి ఉండేది కావాలి, చెయ్యి కదపకుండా బొటనవేలితో దొర్లించుకునేది. కీబోర్డు మీటలు మెత్తగా ఉండాలి. ఏప్రిల్ దాటనివ్వకు. వానలు దిగాక ఓడల సంగతి నీకు తెలుసు.

చెల్లెమ్మ పద్మినికి మా ఇద్దరి నమస్కారాలు.

నీ
భాను

*

జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయిర్
ఫిబ్రవరి 26

ఒరేయ్ భానూ,

నీ కవరు చూసి పద్మిని "మీ ఫ్రెండు ఎవరి పిల్లలతోనో అడ్రసు రాయించినట్టున్నారే" అంది. ముత్యాల్లాంటి అక్షరాలని మాస్టారు నీ పుస్తకం క్లాసంతా తిప్పి చూపించేవారు. ఇప్పుడు కోడి గీకినట్టున్నాయి. తొందరైతే మాత్రం ఇంతలానా? నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తవేం?

నీ కంప్యూటర్ మొదలుపెట్టాను. షాపులో మిగతా పనులన్నీ పక్కన పడేశాను. నువ్వు చెప్పినదానికన్నా ఒక మెట్టు పై ప్రాసెసర్ వేస్తున్నాను, ర్యామ్ రెట్టింపు. మదర్‌బోర్డుకి కుంచెతో రెండు పూతలు వార్నిష్ నేనే వేశాను. మన గాలికి అది లేకపోతే ఏ బోర్డూ మూడేళ్ళు బతకదు. మెయిన్‌లాండ్‌లో కట్టేవాళ్ళకి ఆ బాధ తెలీదు. ఫ్యాన్ల ముందు పల్చటి గుడ్డ కుట్టించి బిగించాను.

కార్డు అక్కర్లేదన్నావు. నీకు అక్కర్లేకపోవచ్చు, నాకు పరువుంది. జంగ్లీఘాట్‌లో ఎవరికి కట్టిచ్చినా వేలెత్తి చూపించుకోలేదు, నీకు కార్డు లేని డబ్బా పంపుతానా? ఇదే ఆట కొత్త కార్డు మీద చూశాను, నీళ్ళు నిజం నీళ్ళలా కదులుతున్నాయిరా. చెన్నై డీలరుకి చెప్పాను, మార్చిలో ఓడకి వస్తుంది. బంతి మౌస్ దేనికి, ముసలాడివయ్యావా? సరే, అదీ తెప్పిస్తాను.

నా ఎత్తు చూసి కాస్త భయపడు.

గోపీనాథ్

*

క్యాంప్‌బెల్ బే
మార్చి 14

ప్రియమైన గోపీ,

ఇక్కడ సిగ్నల్ నా మాట వినదు, మనకి ఉత్తరమే నయం. రాత గురించి ఎగతాళి చాలించు. జెట్టీ మెట్ల మీద చెప్పు జారి పడ్డాను, మణికట్టు బెణికింది.

నీ ఎత్తు చూశాను, భయం వెయ్యలేదు, అనుమానం వేసింది. నా పడవలు రెండు నీ ఓడల ముందే తిరుగుతున్నా కొట్టలేదేం? తొమ్మిదో క్లాసులో నేను కామెర్లతో మంచం పట్టినప్పుడు నువ్వు కావాలని ఓడిపోయావు, గుర్తుందా? గెలిచానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. తర్వాత నీ కాగితం వెనక నువ్వు రాసి కొట్టేసిన మంచి ఎత్తులన్నీ కనిపించాయి. నెల రోజులు నీతో మాట్లాడలేదు. ఆ విషయంలో నిన్ను ఇప్పటికీ క్షమించలేదు. జాలిపడి ఆడేవాడితో నేను ఆడను.

కంప్యూటర్ ఎంతవరకు వచ్చింది? కార్డు కోసం ఆగకు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఈ నెల ఓడకి వేసెయ్యి. బల్ల మీద నిమ్మకాయ పెట్టుకుని బొటనవేలితో దొర్లిస్తూ నీ బంతి మౌస్‌కి ఇప్పటి నుంచే అలవాటు పడుతున్నాను. సుందరి చూసి నవ్వుతోంది.

నీ
భాను

*

జంగ్లీఘాట్
ఏప్రిల్ 19

భానూ,

ముందు నువ్వు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. చెన్నై నుంచి పెట్టె వచ్చింది, విప్పితే వేరే కార్డు. ఫోన్ చేస్తే "గలత్ మాల్ ఆగయా భయ్యా, వచ్చే జహాజ్‌లో పక్కా పంపిస్తాం" అంటాడు ఆ డీలరు. అదీ సంగతి.

మిగతా అంతా తయారై నా బల్ల మీద నడుస్తోంది. మన ఆట వేసి చూశాను, పన్నెండు నిమిషాలు పట్టేది నలభై సెకన్లలో అయిపోతోంది. మీ వైపు ఓడలు రెండు వెళ్ళిపోయాయని తెలుసు. రెండుసార్లూ ప్యాక్ చేసి మళ్ళీ విప్పాను. కార్డు చోటు ఖాళీగా కనిపిస్తుంటే చేతులు రాలేదు. తర్వాత విడిగా పంపితే అక్కడ ఎవడో స్క్రూ డ్రైవర్‌తో నా బోర్డుని పొడిచి పెడతాడు.

పైగా ఇంత సున్నితమైన సామాను ఓడ అడుగున గోతాల మధ్య పడెయ్యలేను. మనవాళ్ళం ఏది పంపినా నమ్మకమైన మనిషి చేతికిచ్చే కదా పంపుతాం. పద్మిని తమ్ముడు రాజ్‌కిరణ్ మే నెలాఖరుకి మీ దీవికి డ్యూటీ మీద వస్తున్నాడు. ఒళ్ళో పెట్టుకుని తెస్తాడు. నీ జూన్ ఒకటి దాటదు, నాది పూచీ.

నీ పడవల మీద జాలి చూపించలేదురా, నేను చూసుకోలేదు. నిన్న ఫోన్ చేస్తే చెల్లెమ్మ సుందరి ఎత్తింది. వెనకాల ఎవరో తాగినట్టు ముద్దముద్దగా మాట్లాడుతున్నారు. ఎవరని అడిగితే ఫోన్ పెట్టేసింది. ఎవర్రా అది?

గోపి

*

క్యాంప్‌బెల్ బే
మే 8

గోపీ,

కార్డు వద్దు. ఉన్నది పంపు. ఈ ఓడకే.

పెన్‌డ్రైవ్ ఉంది.

భాను

*

జంగ్లీఘాట్
జూన్ 12

ప్రియమైన భానూ,

నీ మూడు ముక్కల ఉత్తరానికి ఒళ్ళు మండింది. నీకోసం ఇంత చేస్తుంటే బాగోగులు కూడా అడగవా అనుకున్నాను. ఇప్పుడు తగ్గింది.

కార్డు మే ఇరవై తొమ్మిదిన చేతికొచ్చింది. ఆ రోజే బిగించాను. తర్వాత సముద్రం బాగోలేక ఓడ రెండుసార్లు రద్దయింది. ఎల్లుండి కచ్చితంగా బయలుదేరుతుందంటున్నారు, రాజ్‌కిరణ్ బట్టల కన్నా ముందు నీ పెట్టె కట్టుకున్నాడు. ఒకటో తారీకు దాటిందని తెలుసు. కావాలంటే శంకరరావు గారితో నేను మాట్లాడతాను, పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న మనిషి కోసం ఇరవై రోజులు ఆగలేరా? విప్పి చూశాక నీకే తెలుస్తుంది ఎందుకు ఆగానో. ఇలాంటిది ఇప్పటిదాకా కట్టలేదు నేను.

నీ ఎత్తు చూశాను. దక్షిణపు రేవులో ఒక్క ఓడ లేకుండా ఖాళీగా వదిలేసి కూర్చుంటావా? నీ వలలు నాకు కొత్తా? నేను దిగలేదు. నా మూడు ఓడలకి రేవు బయటే లంగరు వేయించాను.

గోపీనాథ్

*

క్యాంప్‌బెల్ బే
జూలై 4

ప్రియమైన గోపీ,

ఈ అక్షరాలు సుందరివి, మాటలు నావి. నా మాట ఇప్పుడు తనకొక్కదానికే తెలుస్తోంది. ఒక్కోటి రెండు మూడుసార్లు చెప్పాలి, విసుక్కోకుండా రాస్తోంది. ఏప్రిల్‌లో ఫోన్‌లో నీకు వినిపించిన తాగుబోతుని నేనే.

పోయిన నవంబరులో చెన్నైలో చూపించుకున్నాం. కండలకి కబురందించే నరాలు ఒకటొకటిగా చచ్చిపోయే జబ్బట. నయం చేసే మందు లేదు. ముందు చేతులు, కాళ్ళు, తర్వాత నాలుక, ఆఖర్న ఊపిరి. రెండేళ్ళు, మహా అయితే మూడు అన్నారు. బుర్రకి మాత్రం ఏమీ కాదట, నా మట్టుకు నాకు అన్నీ తెలుస్తూనే ఉంటాయట. మెట్ల మీద చెప్పు జారలేదు, కాలు లేవలేదు.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు ఓడిపోతావు. కామెర్లకే ఓడిపోయినవాడివి.

నా తొందర నా పని కోసం కాదురా. చేతులూ మాటా ఉండగానే సుందరిని పక్కన కూర్చోబెట్టుకుని ఎస్టిమేటు వెయ్యడం నేర్పుదామనుకున్నాను. రెండు నెలలు చాలేవి. జూన్ ఒకటి నుంచి నా బదులు తను చేస్తుందంటే శంకరరావు గారు సరేనన్నారు కూడా. పక్కింటివాళ్ళు ఆటకైతే గంటసేపు లాప్‌టాప్ ఇస్తారు గానీ రోజంతా ఎందుకిస్తారు. ఏప్రిల్ ఆఖరుదాకా నిమ్మకాయ దొర్లింది. మే నెలలో దొర్లలేదు. నువ్వు వల అనుకున్నది వల కాదు. ఓడల్ని రేవులోకి తేబోతుంటే వేలు జారి, ఎత్తు ముగించే మీట నొక్కుకుపోయింది. రాజ్‌కిరణ్ నీ పెట్టె తెచ్చేసరికి జూన్ పంతొమ్మిది. పని చిరంజీవి అనే అతనికి ఇచ్చేశారు. శంకరరావు గారు ఆగగలిగినంత ఆగారు, ఆయన్ని ఏమీ అనకు.

ఆడటానికి కార్డు అక్కర్లేదన్నాను, ఇప్పటికీ అక్కర్లేదు. చూడటానికి పనికొస్తోంది. నేను జెట్టీ దాకా వెళ్ళి సముద్రం చూడలేనని సుందరి పొద్దున్నే ఆట తెరిచిపెట్టి వంటింట్లోకి వెళుతుంది. నువ్వన్నట్టు నీళ్ళు నిజం నీళ్ళలాగే ఉన్నాయి. మధ్యాహ్నం దాకా వాటిని చూస్తూ కూర్చుంటాను.

ఒక్కటే అడుగుతున్నాను. జాలిపడి ఆడకు.

భాను

అన్నయ్యా, ఇక్కడి నుంచి నా మాట, ఆయనకి చదివి వినిపించను. మిమ్మల్ని ఏమీ అనొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. మీరు పెట్టె పంపని ఆ రెండు ఓడలూ వచ్చినప్పుడు ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగి జెట్టీకి తీసుకెళ్ళాను. సామానంతా దిగేదాకా నా భుజం పట్టుకుని నిలబడ్డారు. రెండోసారి తిరిగొస్తూ దారిలో పడిపోయారు. అప్పటికైనా మీకు చెప్పనివ్వలేదు. మీ కంప్యూటర్ చాలా బాగుంది. దాని మీద దుమ్ము తుడిచినప్పుడల్లా మీ మీద కోపం వస్తోంది. ఆ కోపం పోయిన రోజున మీకు రాస్తాను.

సుందరి

*

జంగ్లీఘాట్
జూలై 18

ప్రియమైన భానూ,

నీ ఉత్తరం చదివి ముందు ఎత్తు వేశాను, తర్వాత ఏడ్చాను. ముందే ఏడిస్తే చెయ్యి మెత్తబడేది, నువ్వు కనిపెట్టేసేవాడివి.

నీ దక్షిణపు రేవు పట్టుకున్నాను. బయట లంగరేసిన మూడు ఓడల్నీ లోపలికి తోలాను. అక్కడ కాపలా లేదని, అది నీ వేలు చేసిన తప్పని తెలిసే తోలాను. నీ ధాన్యం గిడ్డంగి, కొత్తగా కట్టుకున్న ఓడల షెడ్డు రెండూ తగలబెట్టాను. ఇంకో రెండు ఎత్తుల్లో నీ రాజధాని మీదకి వస్తాను.

మార్చి ఇరవైకే నీ మెషీన్ నా బల్ల మీద నడుస్తోంది. పెట్టెలో పెట్టి టేపు వెయ్యడం పావుగంట పని. నా పరువు కోసం మూడు నెలలు దాన్ని బల్ల మీద ఉంచుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించి, మీ ఇంటి అన్నం పోగొట్టాను. అడిగినవాడికి అడిగింది ఇవ్వడం నాకు చేతకాలేదు. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే అని నీ మీదా కోపం వస్తోంది. అదీ దాచను. చెల్లెమ్మకి నా మీద కోపం ఉండే ఉంటుంది. పోగొట్టుకోమని అడగను.

షాపు మూసేశాను. ఇరవై నాలుగో తారీకు ఓడకి టిక్కెట్టు దొరికింది. ఈ ఉత్తరమూ పెన్‌డ్రైవూ నా జేబులోనే వస్తాయి, పద్ధతి తప్పకూడదని రాస్తున్నాను. చదివి వినిపించేది కూడా నేనే. నీ మాట నాకు మొదట అర్థం కాకపోవచ్చు, మళ్ళీ చెప్పు. నేర్చుకునేదాకా అక్కడే ఉంటాను.

తర్వాతి ఎత్తు నీది. మౌస్ నేను పట్టుకుంటాను. నువ్వు ఎటు చూస్తే అటు నీ ఓడల్ని నడిపిస్తాను, నా మీదకే.

నీ
గోపి